నిజాము రాష్ట్రమున మతము, చదువు, ఏలుబడి

ఆర్మూరు సీమలో పసుపు తొమ్మిది నెలల పంట. వానకాలపు తొలిదినములలో విత్తనపు కొమ్ము నాటి, చలికాలము వెళ్ళునప్పటికి త్రవ్వి, ఉడికించి, కళ్ళములో ఎండబెట్టి, కాడి వేఱు, గోళ వేఱు చేసి సంచుల కెత్తుదురు. అందు కొంత నిజామాబాదు అంగడికి పోవును. కొంత మహారాష్ట్రమునందలి సాంగ్లీ దాక పోవును. ఇంట పెండ్లియైనను, నోమైనను, గడపకు పసుపు పూయక కార్యము మొదలుకాదు. ఆ పసుపే అంగడి కెక్కినపుడు కొనువాని మత మేదని యెవరును అడుగరు. తేమ యెంత, రంగెట్టిది, తూక మెంత అనునంతవఱకే అక్కడి విచారము. ఒకే వస్తువు ఇంట మంగళద్రవ్యమై, అంగట సరకై, రెండు చోటుల తన మర్యాదను తాను కాపాడుకొనుచున్నది. మతమునకు ఇంట నుండవలసిన చోటేది, వీథిలో నుండవలసిన హద్దేది అను ప్రశ్న వచ్చినపుడెల్ల నాకు ఈ పసుపే జ్ఞప్తికి వచ్చును.

ఊరి నానుకొనియున్న గుట్టపై నవనాథ సిద్ధేశ్వరుని ఆలయము కలదు. వర్ణి సమీపమునందలి బడాపహాడ్ దర్గాకు ముసల్మానులతో పాటు హిందువులును పోయి మ్రొక్కుబళ్ళు చెల్లింతురు. మొహర్రము దినములలో తెలంగాణమున ఊరూర పీర్లు లేచును. వాని నెత్తువారిలోను, గుండము చుట్టు ఆడువారిలోను హిందువులే పెక్కండ్రుగా నుండు గ్రామములు కలవు. ఇవి చూచి మన పూర్వులు మతభేదమే యెఱుగరని చెప్పుట తొందరపాటు. పీరుకు మ్రొక్కిన చేతులే మాలమాదిగలను బావిదరికి రానీయలేదు. అయినను ఒకటి నిజము. ప్రజలు తమకు తాము పాటించుకొనిన మతము ఊరి పొలిమేర దాటి రాజ్యమును కోరలేదు. ఏలుబడి చేపట్టిన మతమే వేఱు త్రోవ పట్టినది. ఆ మతము కచేరీ ద్వారముకంటె బడి ద్వారముననే మన యిండ్లలోనికి ఎక్కువగా వచ్చినదని నా తలంపు.

ఇప్పుడీ పాత సంగతి త్రవ్వుట ఏల అని చదువరులు అడుగవచ్చును. ప్రతి సంవత్సరము సెప్టెంబరు 17వ తేది రాగానే తెలంగాణమున ఒక వాదము రేగుచున్నది. 1948లో ఆ దినమున నిజాము సైన్యము లొంగిపోయెను. దానిని ఏ పేరుతో పిలువవలెను? 2022లో కేంద్ర ప్రభుత్వము విమోచన దినమని ఉత్సవము చేసెను. అదే దినమున రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమని చేసెను. 2024లో మఱియొక రాష్ట్ర ప్రభుత్వము ప్రజాపాలన దినమనెను. ఒకరికి ఆ కాలమంతయు ఒక మతము మఱియొక మతమును అణచిన కథ. ఇంకొకరికి అది పాలు తేనె కలిసిన కాలము. మన పిల్లలు ఈ రెండు కథలలో నేదో యొకటి విని యింటికి వచ్చుచున్నారు. రెండింటియందును బడి కనబడదు.

1941 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రమున సుమారు 163 లక్షల జనులు. అందు తెలుగు మాటాడువారు దాదాపు సగము. మరాఠీవారు నాలుగవ వంతు. కన్నడమును, ఉర్దూను మాటాడువారు ఒక్కొక్కరు నూటికి పది పండ్రెండుగురు. 1884 ప్రాంతమున పారసీకమునకు మాఱుగా ఉర్దూ రాజభాష యయ్యెను. కచేరీ, కోర్టు, పోలీసు ఠాణా, పై చదువు అన్నియు ఉర్దూలోనే. ఉర్దూ అనగా ముసల్మానుల భాషయే యని తలచుట పొరపాటు. దివాను మహారాజా కిషన్ ప్రసాద్ ‘షాద్’ అను పేర ఉర్దూ కవిత్వము వ్రాసెను. మందుముల నరసింగరావు ‘రయ్యత్’ అను ఉర్దూ పత్రికను నడపి, ఆ భాషలోనే ప్రభుత్వమును విమర్శించెను. ఆ నరసింగరావే 1937లో నిజామాబాదున జరిగిన ఆఱవ ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. ఉర్దూ పత్రికాధిపతిని తెలుగువారు తమ సభకు పెద్దగా ఎన్నుకొనిరనిన, వారి వైరము భాషతో కాదని స్పష్టమే. తెలుగు రైతు కొడుకు తన పొలము తగవు కాగితమును తాను చదువుకొనలేకపోవుటతోనే వారి వైరము.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఫర్మాను 1917లో వెలువడెను. మఱుసటి సంవత్సరము అది నెలకొనెను. సర్ అక్బర్ హైదరీ దానికి ముఖ్య ప్రేరకుడు. ఆ పనిలోని గొప్పతనమును తక్కువ చేయుట న్యాయము కాదు. భారతదేశమున తక్కిన విశ్వవిద్యాలయములన్నియు ఆంగ్లము నాశ్రయించియున్న దినములలో, వైద్యము, యంత్రశాస్త్రము మొదలైన విద్యలను సైతము దేశభాషలో బోధింపవచ్చునని అది చూపెను. దారుల్ తర్జుమా అను అనువాద శాఖను పెట్టి శాస్త్రగ్రంథములను తర్జుమా చేయించిరి. లేని మాటలను కల్పించిరి. రవీంద్రనాథ టాగూరు ఈ యత్నమును మెచ్చుకొనెను. తెలుగువారు నేటికిని ఆ స్థాయిలో అట్టి పని చేయలేదని ఒప్పుకొనవలసియున్నది.

మఱి లోప మెక్కడ? దేశభాష అనిన మాటలోనే యున్నది. నూటికి పండ్రెండుగురి భాషను దేశభాష యనిరి. దాదాపు సగముమంది భాషను ఆ విద్యాలయమున బోధనాభాషగా అంగీకరింపలేదు. రెండవది, ముసల్మాను విద్యార్థులకు దీనియాత్ అను మతబోధయు, ఇతరులకు నీతిశాస్త్రమును విధించిరి. పైకి చూచిన ఇది ధర్మముగనే కనబడును. ఎవరి మతమునకు వారిని విడిచినట్లే కదా. కాని ఒకరికి మతమును, మిగిలినవారికి మతము లేని నీతిని పంచుటచేత, ఈ విద్యాలయ మెవరిదో విద్యార్థికి తొలిదినముననే తెలిసిపోయెను. పరమతము వారిని బలవంతముగా తమ మతములో చేర్చుటకంటె ఇది మెత్తని పని. అందుచేతనే దీని ఫలము ఎక్కువకాలము నిలిచెను.

పల్లెలలో స్థితి వేఱు. అక్కడ విశ్వవిద్యాలయపు మాట యెవరికి గావలెను? వీథిబడియే వారి కాధారము. అయ్యవారు అరుగుపై కూర్చుండి పెద్దబాలశిక్ష చెప్పును. పంటకాలమున ధాన్యమో, పసుపో, కాసులో ముట్టును. 1924 ప్రాంతమున, సర్కారు అనుమతి లేనిదే ఖాన్గీ బడి పెట్టరాదను నిబంధన వచ్చెను. సభ జరుపుటకు అనుమతి కోరు ‘గస్తీ నిషాన్ 53’ అను ఆజ్ఞ మఱియొకటి. గ్రంథాలయ వార్షికోత్సవమునకు సైతము అర్జీ పెట్టి నెలలకొలది వేచియుండవలసివచ్చెను. అనుమతి నిరాకరించు అధికారి తాను మతద్వేషముతో చేయుచున్నానని ఎన్నడును వ్రాయడు. బహుశః అట్లు తలచియు ఉండడు. శాంతిభద్రతల కొఱకని వ్రాయును. దరఖాస్తు పెట్టినవానికి మాత్రము అది మతముగనే తోచెను. ఏలయన ఇచ్చుచేయి ఒక మతమువారిది, చాచుచేయి మఱియొక మతమువారిది.

ఇట్టి స్థితిలో తెలుగువారి మేల్కొలుపు హిందూమతమునుండియే పుట్టియుండునని ఎవరైన ఊహింతురు. జరిగినది అది కాదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన మహర్షి కార్వే దాని కధ్యక్షుడు. ఆంగ్లమునను, మరాఠీలోను, ఉర్దూలోను ప్రసంగములు జరిగినవి. అల్లంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడ లేవగా సభలో కొందఱు చప్పట్లు చఱచి, అల్లరిచేసి, ఆయనను కూర్చుండజేసిరి. చేసినవారు ముసల్మానులు కారు. సర్కారు ఉద్యోగులును కారు. మతము గలవారే, సంస్కారము కోరి వచ్చినవారే! ఆ అవమానముతోనే కొలదిమంది ఆంధ్రులు కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మతము ఒక్కటైనంతమాత్రమున అన్నదమ్ములు కారనునది ఆ రాత్రి వారు నేర్చిన పాఠము. ఆ సంఘమే పెరిగి 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ యయ్యెను.

ఈ సంఘమువారిలో మాడపాటి హనుమంతరావు చేసిన ఒక పని చెప్పక విడువరాదు. 1928లో ఆయనయు ఆయన మిత్రులును హైదరాబాదున ఆంధ్ర బాలికల కొక పాఠశాల స్థాపించిరి. దానిలో బోధన తెలుగున. ఉన్నతపాఠశాల కావలెననిన ఒక విశ్వవిద్యాలయపు గుర్తింపు కావలెను. ఉస్మానియా తెలుగు బోధనను ఒప్పుకొనదు. అప్పుడు హనుమంతరావు ఎవరి నాశ్రయించెను? కార్వే 1916లో పూనాయందు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమును. ఏ సభలో తెలుగుమాటకు చోటు దొరకలేదో, ఆ సభ కధ్యక్షత వహించిన మహనీయుని విద్యాలయమే తెలుగు బాలికలకు చోటిచ్చెను. హైదరాబాదు నగరములోని తెలుగు పిల్ల తెలుగున పరీక్ష వ్రాయుటకు పూనా ముద్ర కావలసివచ్చుట ఏలుబడికి సిగ్గు. ఆ ముద్రను తెచ్చుట హనుమంతరావు ఓర్పు. ఆయన ఊరేగింపు చేయలేదు, జైలు కేగలేదు. అందుచేత మన చరిత్రపుస్తకములలో ఆయనకు దక్కిన పుటలు తక్కువ.

మఱియొక త్రోవ ఆర్యసమాజము వారిది. 1892 నుండియే హైదరాబాదున ఆ సమాజము కలదు. నిజామాబాదు మొదలగు జిల్లా పట్టణములకును వ్యాపించెను. విగ్రహారాధనను ఖండించి, కులభేదమును నిరసించి, స్త్రీలకు వేదాధికారమున్నదని చాటిన ఆ సమాజమునకు సంస్కారులమైన మనము ఋణపడియున్నాము. కాని అటు బహదూర్ యార్ జంగ్ తబ్లీగు ప్రచారము, ఇటు ఆర్యుల శుద్ధి ఉద్యమము పోటీపడిన 1930 దశాబ్దమున, ప్రతి గ్రామపు తగవును మతపు తగవుగా మాఱుటకు సిద్ధమైయుండెను. 1938 అక్టోబరు 24న హైదరాబాదు స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహ మారంభించెను. అది పుట్టకమునుపే దానిని మతతత్త్వ సంస్థయని ప్రభుత్వము నిషేధించియుండెను. ఒక మతపు పేర ఏలుచున్న ప్రభుత్వము, బాధ్యతాయుత పరిపాలన కోరినవారిని మతతత్త్వవాదులనుట వింతయే. అయినను ఆ నింద కొంత అంటుకొనెను. ఏలయన అదే సమయమున ఆర్యసమాజము, హిందూమహాసభ సైతము సత్యాగ్రహమునకు పూనుకొనినవి. చూచువారికి ఏది పౌరహక్కుల పోరాటమో, ఏది మతపోరాటమో తెలియకుండెను. గాంధీ మహాత్ముడు ఈ చిక్కును గ్రహించి, కాంగ్రెసు సత్యాగ్రహమును ఆపుడని సలహా ఇచ్చెను. డిసెంబరు 24న అది నిలిచిపోయెను. ఆర్యసమాజ సత్యాగ్రహము 1939 ఆగస్టు దాక సాగెను. వేలకొలది జనులు జైళ్ళను నింపిరి. మతము పిలిచిన జనము వచ్చినంత వడిగా, రాజ్యాంగ సంస్కరణలు పిలిచిన జనము రారనునది రాజకీయులందఱును ఆ యేట నేర్చిరి. నేర్చి మఱచిపోలేదు.

ఆ నడుమనే వందేమాతర సంఘటనము జరిగెను. 1938 నవంబరు చివర ఉస్మానియా వసతిగృహములలో హిందూ విద్యార్థులు ప్రార్థనవేళ వందేమాతరము పాడుటను అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మెకట్టిరి. వరంగల్లు, గుల్బర్గా, ఔరంగాబాదులకు అది ప్రాకెను. వందలకొలది విద్యార్థులు చదువునుండి వెడలగొట్టబడిరి. పరీక్షలు దగ్గఱపడుచుండగా ఆ బాలుర యిండ్లలో తల్లిదండ్రుల కెట్టి రాత్రులు గడచియుండునో ఊహింపుడు. నాగపురము విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనెను. వరంగల్లు కళాశాలనుండి పోయిన పి.వి. నరసింహారావు వారిలో నొకడు. పసుపు సాంగ్లీకి పోయినట్లే, చదువు నాగపురమునకును పూనాకును పోవలసివచ్చెను.

ఏలుబడి మతము ముసల్మానులకైన మేలు చేసెనా? 1927లో పుట్టిన ఇత్తెహాదుల్ ముస్లిమీన్, ప్రతి ముసల్మానును రాజ్యాధికారమున భాగస్వామియే యని బోధించెను. నిజామాబాదు వీథులలో జట్కా తోలు ముసల్మాను ఆ మాట విని ఛాతీ విరిచియుండవచ్చును. అతని కొడుకు బడికి పోలేదు. జాగీరులు, పెద్ద ఉద్యోగములు కొలది కుటుంబములవే. 1946లో ఖాసిం రజ్వీ నాయకుడై, రజాకారులు గ్రామములపై పడిన పిదప ఆ మాటకు వెల కట్టిన వారెవరు? మొదట హిందువులు, కమ్యూనిస్టులు, రైతులు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకారులను విమర్శించినందుకు 1948 ఆగస్టులో హత్య చేయబడెను, ఆయనయు ముసల్మానే. పోలీసు చర్య జరిగిన పిమ్మట మఱియొక విధముగ వెల చెల్లినది. పండిత సుందర్‌లాల్ మొదలగువారి సంఘము సంచారము చేసి, 27 వేలనుండి 40 వేలమంది దాక చంపబడిరని అంచనా వేసెను. వారిలో అధికులు రజాకారుల ముఖమైన ఎఱుగని సామాన్య ముసల్మానులు. ఆ నివేదిక ఏండ్ల తరబడి ప్రజలకు చూపబడలేదు. విమోచన కథ చెప్పువారు ఈ పుటను, సామరస్య కథ చెప్పువారు దాని ముందు పుటను త్రిప్పివేయుచున్నారు.

అంటరానివారి లెక్క వేఱు. అది మనకు చేదైనను చెప్పవలెను. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలి స్థాపించి, హరికథల మూలమున ప్రచారముచేసి, ఆదిహిందువుల పిల్లలకు పాఠశాలలు నడపెను. తెలుగు కొఱకు పోరాడిన మన పెద్దల యిండ్ల అరుగులపై ఆ పిల్లలకు చోటు లేనందుననే కదా వేఱు బడులు కావలసివచ్చెను! 1947లో లాయక్ అలీ మంత్రివర్గమున విద్యామంత్రిగా చేరిన బి.ఎస్. వేంకటరావు, దళితుల చదువుకై కోటి రూపాయల నిధిని ఏర్పాటు చేయించెను. రజాకారుల కాలపు మంత్రివర్గమున ఆయన చేరుట తప్పని మనము వాదింపవచ్చును. ఆ నిధితో చదివిన బాలుని యెదుట ఆ వాదము చేయుట మాత్రము కష్టము. బడి తలుపు తెఱచినవాని మతమును అడుగు స్తోమత లోపలికి రానీయబడనివానికి లేదు. డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీలగు కెర్ దంపతులు 1915లో కుష్ఠరోగులకు ఆస్పత్రి నెలకొల్పినపుడు దానికి పెద్ద మొత్తమున ధనమిచ్చినవాడు హిందువగు రాజా నర్సాగౌడు. ఆ రోగులును ఎవరి మతమును విచారించియుండరు.

నిజామాబాదు కోటగుట్టపై రఘునాథాలయము కలదు. నిజాము ప్రభుత్వము ఆ కోటను జైలుగా వాడుకొనెను. 1948లో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి అందు బందీలు. దాశరథి బొగ్గుముక్కతో జైలుగోడపై పద్యములు వ్రాసిన సంగతి ఇందూరువారికి గర్వకారణము. ఆయనకు ఉర్దూ, పారసీకములలో చక్కని పాండిత్యము కలదు. గాలిబు గీతములను తెనిగించినవాడు. నిజామును ఎదిరించిన కలమే గాలిబును నెత్తి కెత్తుకొనెను. ఏలుబడిని, భాషను, మతమును వేఱు వేఱుగా చూడ నేర్చినవాని కది సహజమే.

నిజాము పోయెను. ఉస్మానియాలో ఉర్దూ పోయెను. ఆ చోటికి తెలుగు రాలేదు, ఆంగ్లము వచ్చెను! 1950 నాటి రాజ్యాంగములో 28వ అధికరణము, పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు విద్యాలయములలో మతబోధ కూడదనెను. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాలయములను నడపుకొను హక్కు నిచ్చెను. దీనియాత్ చిక్కు శాసనరూపమున తీరినది. శాసనము తీర్పలేనిది ఎన్నికల వేదిక. ఇందూరు, నిజామాబాదు అను రెండు పేర్లలో ఏది ఉండవలెనను మాట ఓట్లవేళ వినబడుచుండును. ఊరి పేరు మాఱిన పసుపు ధర మాఱదని రైతు కెవరును చెప్పనక్కఱలేదు.

ఆ రైతే 2019లో ఒక చిత్రమైన పని చేసెను. పసుపునకు క్వింటాలు 15,000 రూపాయలు, ఎఱ్ఱజొన్నకు 3,500 రూపాయలు ధర కావలెనని, పసుపు బోర్డు కావలెనని ఆర్మూరు వద్ద రహదారిపై బైఠాయించి, ఫలము లేక, నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు తామే నామినేషనులు వేసిరి. మొత్తము 185 మంది అభ్యర్థులలో నూట డెబ్బదికి పైగా రైతులే. అంతమంది పేర్లు పట్టుటకు ఎన్నికల సంఘము ప్రత్యేక యంత్రములను కూర్పవలసివచ్చెను. వారెవరును గెలువలేదు. కాని ఒక ఎన్నికలో వేదికపై మాట మతమునుండి ధరకు మఱలెను. గెలిచిన పక్షమైనను, ఓడిన పక్షమైనను బోర్డు మాట ఎత్తక తప్పలేదు. జాతీయ పసుపు బోర్డు 2023లో ప్రకటింపబడి, 2025 జనవరిలో ప్రారంభమాయెను. దాని ముఖ్యస్థానము నిజామాబాదు.

చదువు విషయమున అట్టి నామినేషనులు ఇంకను పడలేదు. ఆర్మూరునుండి గోదావరి దాటి బాసరకు పోయిన, అక్కడ సరస్వతీ సన్నిధిని ప్రతిదినము పిల్లలకు అక్షరాభ్యాసము జరుగుచుండును. తండ్రి ఒడిలో కూర్చుండి, పలకపై తెలుగక్షరములు దిద్ది, పసుపు అక్షతలు తలపై చల్లించుకొని ఆ బిడ్డ యింటికి వచ్చును. జూన్ నెల రాగానే, స్తోమత గల తల్లిదండ్రులు ఆ బిడ్డనే ఆంగ్ల మాధ్యమ పాఠశాలలో చేర్తురు. స్తోమత లేనివారు చేర్పలేకపోతిమని బాధపడుదురు. మఱల ఆ పలకను ఎవరును తీయరు. తెలంగాణ పాఠశాలలలో పదవ తరగతి దాక తెలుగు తప్పక నేర్పవలెనని 2018లో ప్రభుత్వము చట్టము చేయవలసివచ్చెను. తొంబది యేండ్ల క్రిందట హనుమంతరావు పూనా దాక పోయి తెలుగున చదువంతయు చెప్పుటకు అనుమతి తెచ్చెను. ఈ చట్టము అడుగుచున్నది అందులో ఒక్క పాఠ్యాంశము.